లేచి కూచున్నవాడు

రోజూ పొద్దున్నే నొక్వేజి చేసే మొదటి పని ఇటుకలు కాల్చడం. పొయ్యిలో నాలుగు ఇటుకలు పడేసి, అవి ఎర్రబడేలోగా కోళ్ళని వదిలి, రెండు బిందెల నీళ్ళు తెచ్చి, పులిసిన పాల కుండ మూత తీసి చూసుకునేది. తర్వాత ఇటుకల్ని పాత గోనెగుడ్డల్లో చుట్టి కొడుకు పక్కలో సర్దేది. అరికాళ్ళ దగ్గర రెండు, నడుముకి ఒకటి, గుండెల మీద ఒకటి. అప్పుడు గానీ బులెలాని పళ్ళు టకటకలాడడం ఆగేది కాదు. బయటేమో ఫిబ్రవరి, అక్కడ నడివేసవి ఎండ. ఇంటి మీద రేకు ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కే ఎండ. లోపల ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు మూడు కంబళ్ళ కింద ముడుచుకుని, "అమ్మా, తలుపు వెయ్యవే" అనేవాడు.

ఆ ఇంట్లో మగవాళ్ళంతా అలాగే పోయారు. మామగారు నలభై రెండేళ్ళకి పోతే, మొగుడు నలభైకి పోయాడు. పెద్దకొడుకు ఇరవై ఏడు దాటలేదు. ఒక్కో తరానికీ చలి ముందుగా వస్తోంది. పెద్దాడికి మూడేళ్ళు ఇటుకలు కాల్చింది నొక్వేజి. చిన్నాడికి ఇది ఎనిమిదో నెల. ఆసుపత్రిలో నాలుగుసార్లు రక్తం తీసి, ఏ జబ్బూ కనబడటం లేదమ్మా, బాగా తినిపించు అన్నారు. తినిపించకేం! బళ్ళో మూడొందలమంది పిల్లలకి వండే మనిషి, కన్నకొడుక్కి తినిపించదా?

చివరికి సోదె చెప్పే నొమాలి దగ్గరికి వెళ్ళింది. ముసలిది చాప మీద కాళ్ళు చాపుకుని, ముక్కుపొడుం పీల్చి, రెండు తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుని చెప్పింది.

"మీ ఆయన ముత్తాత బూడిదకొండ మీదే ఉన్నాడు. తెల్ల సైనికులతో యుద్ధంలో పోయినవాడు. పోయిన మూడోరోజు పెళ్ళాం, పోయినవాళ్ళని ఇంటికి మోసుకొచ్చే రేగుకొమ్మ పట్టుకుని కొండెక్కి పిలిచింది. ఆయన లేచాడు. కొమ్మెక్కేలోగా సైనికులు చూసి ఆమెని తరిమేశారు. పడుకున్నవాడికి చలి తెలీదమ్మా. లేచి కూచున్నవాడికే చలి. నూట నలభై ఏళ్ళుగా ఆ రాయి మీద కూచుని వణుకుతున్నాడు. కప్పుకోడానికి ఏమీ లేక పిల్లల్ని ఒక్కొక్కణ్ణే లాక్కుని కప్పుకుంటున్నాడు."

నొక్వేజి చాప అంచు మీదికి జరిగింది. "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం నొమాలమ్మా?"

"ఎవరు అడిగారు గనక? వెళ్ళి తెచ్చుకో. రేగుకొమ్మ మీద ఎక్కించుకొచ్చి మీ దొడ్లో దింపు. పేరు పెట్టి పిలవాలి. పిలిచేది ఆ ఇంటి తిండి తిన్న గొంతై ఉండాలి."

"పేరు నేను పలక్కూడదు కదా!"

అదీ చిక్కు. అత్తింటి పెద్దల పేర్లు కోడలు నోట రాకూడదు. పెళ్ళైన మర్నాడు అత్తగారు ఆమె చెవిలో ఆ పేర్లన్నీ ఒకే ఒక్కసారి చెప్పింది, ఏవి పలక్కూడదో తెలియాలి కాబట్టి. ముప్ఫై మూడేళ్ళుగా నొక్వేజి ఆ పేర్లే కాదు, ఆ పేర్లకి దగ్గరగా వినిపించే మాటలు కూడా నోట్లోకి రానివ్వలేదు. ఆడపడుచులు ఉంటే వాళ్ళు పిలిచేవాళ్ళు, లేరు. బులెలాని మంచం దిగలేడు. వంశం పేరుతో పిలుద్దామా అంటే ఆ కొండ మీద ఆ వంశం వాళ్ళే డెబ్బైమంది ఉన్నారు. ఎవరో ఒకరు లేచి వస్తారు, కానీ ఆమెకి కావలసింది ఎవరో ఒకరు కాదు.

"పలికితే ఏమవుతుంది?" అని అడిగింది.

నొమాలి పొడుం డబ్బీకి మూత పెట్టింది. "ఏమో. ఇంతవరకూ ఎవరూ పలకలేదుగా."

*

నొక్వేజి తమ్ముడు మలుసి ఆ మాట విని పగలబడి నవ్వాడు. నలభై ఎనిమిదేళ్ళవాడు, పొట్టా మీసం పెంచినవాడు, తెల్లటి ట్రాలీ బండిలో గొర్రెల్నీ సిమెంటునీ తోలేవాడు. ఏటా బూడిదకొండ మీద జరిగే సంస్మరణ సభలో ముందు వరసలో కూచుంటాడు. కోటుకి 'వీరుల వారసులు' అని రాసిన బిళ్ళ పెట్టుకుంటాడు. వాళ్ళ ముత్తాత కూడా ఆ కొండ మీదే పోయాడు మరి.

"ఇంతోటిదానికి ఏడుస్తావేమిటే అక్కా? కొమ్మ నువ్వు పట్టుకో. పేరు నేను పిలుస్తాను. మీ ఇంటి కోడలు నువ్వా నేనా?"

"ఆ ఇంటి తిండి తిన్న గొంతు కావాలంది రా."

"మీ ఇంట్లో నేను తిన్నంత తిండి ఎవడు తిన్నాడు? బావ పోయినప్పుడు పదకొండు రోజులు తిన్నాను. ఎద్దు తలకాయ ఒక్కణ్ణే లాగించాను."

నొక్వేజికి చాలారోజుల తర్వాత నవ్వొచ్చింది. నవ్వొచ్చింది కాబట్టి ఒప్పుకుంది. ఇంకో కారణం కూడా ఉంది, అది ఆమె మనసుకే తెలుసు. ఆ పేరు పలకాలంటే భయం.

మర్నాడు తెల్లవారగానే వాగొడ్డున అడవిరేగు చెట్టు నుంచి చేతికర్రంత కొమ్మ కోసింది. రేగుకి రెండు రకాల ముళ్ళుంటాయి, ఒకటి సూటిగా, ఒకటి వెనక్కి కొంకిలా. సూటిముల్లు దారి చూపిస్తుంది, కొంకిముల్లు ఎక్కినవాణ్ణి జారిపోనివ్వదు. పక్కింటి ఆవిడకి ఇటుకల పని అప్పజెప్పి, కొడుకు నుదుటి మీద ముద్దు పెట్టుకుంటే, ఆ నుదురు నూతి గట్టులా చల్లగా తగిలింది.

"సాయంత్రానికి ఆయన్ని తెస్తాను నాన్నా."

"తొందరగా తేవే అమ్మా," అన్నాడు బులెలాని కళ్ళు తెరవకుండానే. "వేళ్ళు తెలియడం లేదు."

*

బూడిదకొండ చుట్టూ ఇనపకంచె, కోసిన గడ్డి, సున్నం కొట్టిన రాళ్ళ వరసలు. చచ్చిన సైనికులకి పాలరాతి పలకలు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు, ఊరు, వయసు. మనవాళ్ళకి ఒకటే రాళ్ళగుట్ట, 'రెండు వందలమంది దాకా' అని రాసిన ఒకటే బల్ల. గొడుగులేసుకున్న యాత్రికులు ఫోటోలు తీసుకుంటున్నారు.

గేటు దగ్గర ఫుమ్లా అనే ఆవిడ కూచుని స్వెట్టరు అల్లుతోంది. కొమ్మ చూడగానే పక్క గేటు చూపించింది.

"కొమ్మవాళ్ళకి టిక్కెట్టు లేదు. రాళ్ళూ, తూటాలూ, ఎముకలూ తీసుకెళ్ళకూడదు. మనుషుల్ని తీసుకెళ్ళొచ్చు. ఒక కొమ్మకి ఒక్కరే. అయిదింటికి తాళం వేసేస్తాను, తర్వాత బతిమాలినా తియ్యను."

మెట్లదారి మధ్యలో, యుద్ధం కథ రాసిన ఒక చెక్కబల్ల ఉంది. ఆ బల్ల దగ్గర ఆగి ఉమ్మెయ్యని మనిషి ఆ జిల్లాలో లేడు. ఉమ్మి ఉమ్మి దాని రంగంతా పెచ్చులూడిపోయింది. అయినా అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. నలభై రోజులు ముట్టడించినా సైన్యానికి కొండ చిక్కలేదని, చివరికి ఒక స్థానికుడు తెల్లవారుజామున వెనకవైపు మేకలదారి చూపించాడని, అందుకు అతనికి ఒక గుర్రమూ ఒక జత బూట్లూ ఇచ్చారని, ఆ పోరులోనే అతనూ చనిపోయాడని రాసి ఉంది. పేరు మాత్రం రాయలేదు.

మలుసి అందరికన్నా గట్టిగా ఖాండ్రించి ఉమ్మాడు. "థూ! గుర్రానికి అమ్ముడుపోయిన వెధవ!"

కొండ మీద గాలి జోరుగా ఉంది. నొక్వేజి చెప్పులు విడిచి, రాళ్ళగుట్ట ముందు మోకాళ్ళ మీద కూచుని, కొమ్మ నేలకి ఆనించింది. కొమ్మ పట్టుకున్నవాళ్ళు దాన్ని నేలకి ఆనించిన దగ్గర్నుంచీ ఇల్లు చేరేదాకా ఎక్కినవాడితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. అది తెలిసిందే గనక మలుసి అన్నీ తనే చూసుకుంటానన్నాడు.

"వెలాఫీ!" అని మలుసి గొంతు చించుకున్నాడు. "వెలాఫీ! మీ కోడలొచ్చింది! లే, ఇంటికి పోదాం!"

ఏమీ కాలేదు. మలుసి రెండోసారి అరిచాడు. మూడోసారి అరుస్తుండగా కొమ్మ చటుక్కున కిందికి వంగింది. నిండు మనిషి బరువు. నొక్వేజి మోచేతులు కలుక్కుమన్నాయి.

"ఎక్కాడా?" అన్నాడు మలుసి. ఆమె తలూపింది, కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. నా బిడ్డ బతికాడు అనుకుంది. మనసులో అంతకంటే ఇంకేమీ లేదు.

దిగేటప్పుడు బరువుకి రెండుసార్లు తూలింది. ఫుమ్లా అల్లిక ఆపకుండానే, "బరువైనవాడే," అంది. బండిలో కొమ్మని ముందు సీట్లో, తనకీ తమ్ముడికీ మధ్య పెట్టుకుంది. బండి ఆ పక్కకి ఒరిగింది.

దారిలో ఎక్కినవాడికి దారి చెబుతూ ఉండాలి, లేకపోతే కంగారుపడతాడు. "పెద్దయ్యా, ఇది వంతెన. కింద ఏరు ఎండిపోయింది. ఇది పెట్రోలు బంకు. ఈ బండి నడిపేవాడు నా తమ్ముడు. గుంతలన్నీ ఏరి ఏరి దింపుతాడు, నువ్వేమీ అనుకోకు."

"చెప్పు చెప్పు, బాగా చెప్పు," అన్నాడు మలుసి. "పెద్దయ్యా, మా అక్క వంట మాత్రం తినకు, మళ్ళీ చస్తావు."

ఆమె నవ్వలేదు. ఏదో వాసన వస్తోంది. మొదట బండిలో గొర్రెల కంపు అనుకుంది. కాదు. గుర్రం చెమట వాసన. దాని వెనకాలే ఇంకోటి, కొత్త బూటు తోలు వాసన. ఆ కొండ మీద మనవాళ్ళెవరికీ బూట్లు లేవు. ఆ సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఒక గంట పోయాక రోడ్డు రెండుగా చీలింది. కుడికి తిరిగితే అత్తిల్లు, ఎడమకి తిరిగితే పుట్టిల్లు. మలుసి కుడికి తిప్పాడు. కొమ్మ ఎడమకి లాగింది. సందెవేళ దొడ్డి కనబడిన ఆవు లాగినట్టు లాగింది. నొక్వేజి రెండు చేతులా పట్టుకున్నా ఆగలేదు. ముళ్ళు అరచేతుల్లో దిగాయి.

"పెద్దయ్యా, నా తమ్ముణ్ణి బండి ఆపమని చెప్పు."

మలుసి బండి పక్కకి తీసి ఆపాడు. కొమ్మ ఎటు చూస్తోందో చూశాడు. ఆశ్చర్యపోలేదు, కోటు మీది బిళ్ళని అరచేత్తో మూసేశాడు.

నొక్వేజికి అర్థమైంది. అరిచింది మలుసి గొంతు. లేచింది ఆ గొంతు తాలూకు మనిషి. పుట్టింటి ముత్తాత, వీరుడని చిన్నప్పట్నుంచీ పాటలు కట్టి పాడుకున్న మనిషి. మరి ఈ బూట్లేమిటి, ఈ గుర్రం చెమటేమిటి?

"తాతా," అంది కొమ్మతో. "నా తమ్ముణ్ణి అడుగు. వీడికి ఎప్పట్నుంచి తెలుసో అడుగు."

మలుసి స్టీరింగు పట్టుకుని ముందుకి చూస్తూ కూచున్నాడు.

"నాన్న పోయేముందు చెప్పాడు. నా ఒక్కడికే. మగపిల్లాడికి చెప్పాలి గనక చెప్పాడు."

"తాతా, అందుకేనా నిన్ను ఇన్నాళ్ళూ తెచ్చుకోలేదు? వీరులతోనే ఉంటానన్నావని చెప్పాడు వీడు. నేను నమ్మాను."

"ఏం చెయ్యమంటావే? ఊళ్ళోకి తెస్తే ఊరంతా వస్తుంది. ముసలమ్మలు కొమ్మ తడిమి ఎలా పోయాడో ఏం చేశాడో మొత్తం చెప్పేస్తారు. ఆ కొండ మీద చచ్చినవాళ్ళ మనవలతోనే కదా మనం వియ్యమందింది! ఆ బిళ్ళ పెట్టుకుని ముందు వరసలో కూచునేది నేను! వాళ్ళందరి మొహం ఎలా చూడను?" మలుసి మొహం తుడుచుకున్నాడు. "పడుకునున్నాడనుకున్నాను. ఎవరూ పిలవలేదు గనక హాయిగా పడుకునున్నాడనుకున్నాను."

ఇప్పుడు పిలిచాం కదా, అనుకుంది నొక్వేజి. కానీ ఆ మాట చెప్పడానికి ఎదురుగా ఉన్నది కొమ్మ ఒక్కటే. అప్పటికి రెండున్నర. గేటు అయిదింటికి మూస్తారు. ఇంటి దగ్గర వేళ్ళు తెలియడం లేదన్న కొడుకు.

"తాతా, బండి వెనక్కి తిప్పమను."

*

ఫుమ్లా వాళ్ళని చూసి సూదులు పక్కన పెట్టింది. "తప్పు మనిషా? అవుతూ ఉంటుంది. పోయినేడు ఒకాయన వాళ్ళ తాతనుకుని తీసుకెళ్తే, కొమ్మెక్కినవాడు దారంతా ఇంగ్లీషులో ఏడ్చాడట. మర్నాడే తెచ్చి దింపేసి వెళ్ళారు." కాస్త ఆగి, కొమ్మ వంక చూసి అంది. "దింపడం తేలికే. కానీ ఆయన మనవలెవరైనా ఉంటే వెంటనే వచ్చి తీసుకెళ్ళమనండి. నిద్రలేచినవాడిక పడుకోలేడు."

ఇద్దరూ మెట్లెక్కారు. బల్ల దగ్గర మలుసి తల తిప్పుకుని గబగబా దాటేశాడు. ఉమ్మలేదు.

కంచె పక్కన పార్కువాళ్ళు వరసగా నాటిన రేగుచెట్లున్నాయి. నొక్వేజి వాటి ముందు ఆగింది.

"తాతా, నీ మునిమనవడు ఇక్కడే ఉన్నాడు. అడుగు. అదుగో కొమ్మ. ఒక్కటి విరిచి నిన్ను ఎక్కించుకుంటాడేమో అడుగు. బండిలో చోటుంది. మా పెద్దయ్యకీ చోటుంది. ఇద్దరూ రావచ్చు."

మలుసి చెట్ల వైపు వీపు తిప్పాడు.

"తాతా, వాడికి ఇద్దరు పిల్లలని చెప్పు. పెద్దవాడికి తొమ్మిదేళ్ళు. చిన్నవాడు సివెకి ఆరే."

"ఆపవే!" అని అరిచాడు మలుసి. యాత్రికులు తిరిగి చూశారు. అతను గొంతు తగ్గించాడు. "నీ కొడుకు సంగతి చూసుకో. నా పిల్లలకేం కాలేదు. నేను మోయను. పాటలు కట్టుకున్నాం అక్కా వాడి మీద. నా కొడుకు బళ్ళో ఆ పాటే పాడాడు."

ఏం చేస్తుంది నొక్వేజి? పుట్టింటి దొడ్డి తలుపు పెళ్ళై వెళ్ళిన ఆడపిల్ల తెరవకూడదు. మలుసి తెరిస్తేనే తెరిచినట్టు. ఆమె చేతిలో ఉన్నది ఒకటే కొమ్మ, ఒక కొమ్మకి ఒకడే మనిషి. నాలుగున్నరైంది. లేపి వదిలేస్తే ఏమవుతుందో ఆమెకి తెలిసినంతగా ఆ కొండ మీద ఎవరికీ తెలీదు. మామగారిని, మొగుణ్ణి, పెద్దకొడుకుని పాతిపెట్టి మరీ తెలుసుకుంది. తెలిసే రాళ్ళగుట్ట ముందు మోకాళ్ళ మీద కూచుంది.

"దిగు తాతా."

బరువు కదల్లేదు.

"రేపు వీడు వస్తాడు. నేను తీసుకొస్తాను. ఇవాళ దిగు."

కొమ్మని విదిలించింది. ఆయన దిగలేదు. ఇంకోసారి విదిలించింది. చంటిపిల్లాడు కొంగు పట్టుకున్నట్టు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. వాడెవడో కొండని అమ్ముకున్నవాడని ఆమెకి ఆ క్షణంలో అనిపించలేదు. ఇల్లు కనబడేదాకా వచ్చి వెనక్కి తిరిగిన ముసలాయన అనిపించింది, అంతే. పళ్ళు బిగబట్టి కొమ్మని రాతికేసి కొట్టింది. ఒకసారి. రెండుసార్లు. ముళ్ళు విరిగి ఎగిరాయి. బరువు పోయింది. గుర్రం చెమట వాసన కాసేపు వాళ్ళ చుట్టూ తిరిగి, మలుసి దగ్గర ఆగింది.

ఇంక పేరు పలకాలి. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. ముప్ఫై మూడేళ్ళ అలవాటు, ఊరికే పోతుందా? అత్తగారి మొహం కనబడింది. బులెలాని నుదురు గుర్తొచ్చింది. నూతి గట్టులాంటి నుదురు.

"వెలాఫీ!" అంది.

పిడుగు పడలేదు. పళ్ళు రాలలేదు. యాత్రికులు ఫోటోలు తీసుకుంటూనే ఉన్నారు.

"వెలాఫీ! నీ ఇంట్లో ముప్ఫై మూడేళ్ళు వండిపెట్టినదాన్ని. మీవాళ్ళందరికీ కడసారి నీళ్ళు పోసినదాన్ని. ఇంక చాలు. వచ్చెయ్యి!"

కొమ్మ కొంచెం వంగింది. కొంచెమే. నలభై రోజులు తిండిలేక పోయిన మనిషి, పదేళ్ళ పిల్లాడంత బరువు కూడా లేడు. నొక్వేజి ఆయన్ని గుండెలకి అదుముకుని మెట్లు దిగింది. వెనకాల ఫుమ్లా గేటుకి తాళం వేసిన చప్పుడు వినిపించింది.

*

చీలిక దగ్గర కొమ్మ కుడికే చూసింది. పొద్దు గుంకేవేళకి ఊరు చేరారు. దొడ్డి గుమ్మంలో నొక్వేజి కొమ్మని దించి, "పెద్దయ్యా, ఇల్లు," అంది. నిద్రపోయిన బిడ్డ చంకలోంచి పక్క మీదికి జారినట్టు బరువు జారిపోయింది.

లోపల్నుంచి కేక వినిపించింది. "అమ్మా! ఈ ఇటుకలేంటే, కాలి చస్తున్నాను!"

పరుగెత్తింది. బులెలాని కంబళ్ళు తన్నేసి మంచం మీద కూచునున్నాడు. మెడ మీంచి చెమట ధారలుగా కారుతోంది. ఎనిమిది నెలల తర్వాత చెమట! ఆ చెమటని అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి తన మొహానికి రాసుకుని, నొక్వేజి నేల మీద కూలబడి భోరుమని ఏడ్చింది. వాడు మొక్కజొన్న నూకలూ చిక్కుళ్ళూ రెండు పళ్ళేలు తిన్నాడు. మూడోది అడిగాడు. పక్కింటావిడ వాకిట్లో నిలబడి గొంతెత్తి ఊళ్ళోవాళ్ళని పిలిచింది.

చాలాసేపటికి గానీ నొక్వేజికి తమ్ముడు లోపలికి రాలేదని గుర్తు రాలేదు.

మలుసి ఇంకా బండిలోనే ఉన్నాడు. ఆ ఉక్కలో బండి కిటికీలన్నీ పైకెత్తేసి ఉన్నాయి. చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. అతని ఒళ్ళో ఫోను వెలుగుతోంది. నొక్వేజి కిటికీ తట్టింది. అతను అద్దం కిందికి దించాడు.

"నండిపా ఫోన్ చేసింది," అన్నాడు. నండిపా అతని పెళ్ళాం. "సివె ఆడుకుంటూ ఆడుకుంటూ వచ్చి దుప్పటి అడిగాడట. నాలుగున్నర నుంచీ పడుకునే ఉన్నాడట. పళ్ళు కొట్టుకుంటున్నాయంట."

నొక్వేజి ఇప్పుడు ఎవరితోనైనా మాట్లాడొచ్చు. తమ్ముడితోనే అంది. "తెల్లవారగానే కొమ్మ కోస్తాను. ఎనిమిదింటికి గేటు తీస్తారు. నేను పక్కనే ఉంటాను రా. కానీ పిలవాల్సింది నువ్వే. నీ దొడ్లో నువ్వే దింపాలి."

మలుసి అద్దంలోంచి దొడ్డి వైపు చూశాడు. అప్పటికే ముసలమ్మలు ఇద్దరు కర్రలూతగా వచ్చి కొమ్మని తడుముతున్నారు. "ఆకలి," అంటోంది ఒకామె. "ఆకలితోనే పోయాడు పాపం, చేతిలో ఈటె వదల్లేదు." చుట్టూ చేరిన జనం అహా అంటున్నారు. మలుసి కోటుకి బిళ్ళ ఇంకా అలాగే ఉంది.

"మలుసీ. నీకే చెబుతున్నా. రేపు."

అతను విన్నాడో లేదో. నొక్వేజి లోపలికెళ్ళి, కొడుకు పక్కలోంచి తీసిపారేసిన ఇటుకల్లో ఇంకా వేడిగా ఉన్నదాన్ని గోనెగుడ్డలో చుట్టి తెచ్చి తమ్ముడికి అందించింది. అతను దాన్ని సీటు మీద, పొద్దున కొమ్మ పెట్టిన చోట పెట్టాడు. బండి తాళం తిప్పాడు. తిప్పి, ఆగి, అక్క మొహం చూడకుండా అడిగాడు.

"ఇటుక ఎంతసేపు కాల్చాలే?"

ఆమె అతన్నే చూస్తూ నిలబడింది. జవాబు చెప్పకూడదనుకుంది. సివె గుర్తొచ్చాడు.

"ఎర్రబడేదాకా. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు."

"ఎన్నాళ్ళు?"

"మా పెద్దాడికి మూడేళ్ళు కాల్చాను," అంది నొక్వేజి.